రాయచూరు కోట రాతిని చదివేదెవరు?

‘రుద్రమదేవి’ సినిమా 2015లో వచ్చాక గోన గన్నారెడ్డి పేరు తెలియని తెలుగు కుర్రాడు లేడు. ఆ పేరు చెక్కిన రాయి రాయచూరు కోట గోడలోనే ఉందని ఆ ఊరి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు?

లోపలి కోట గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. కాకతీయుల కాలంలో గన్నయరెడ్డి తరఫున విఠలనాథుడనే సేనాని ఆదవాని, తుంబళం, మానువ కోటలను గెలిచి రాయచూరు చేరాడని, ఊరి జనం రక్షణకు ఇక్కడ గట్టి కోట కట్టించాడని అందులోని సంగతి. అంత రాయిని ఎలా తెచ్చారో కూడా గోడ మీద బొమ్మ గీసి పెట్టారు. బండి మీద రాయి, ముందు దున్నపోతుల బారు, చక్రాల దగ్గర కర్రలు వేసి నెడుతున్న మనుషులు. రాజుల పేర్లు చెప్పే శాసనాలు బోలెడున్నాయి. మోసినవాళ్లను చూపించినవి ఎన్ని?

కృష్ణా, తుంగభద్రల మధ్య అంతర్వేదిలో ఉండటమే ఈ కోటకు వరం, శాపం కూడా. బహమనీలు, విజయనగర రాజులు దీని కోసం తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షా సేనను ఓడించి కోటను పట్టుకున్నాడు. గోడ మీంచి తొంగిచూసిన సైనికులను పోర్చుగీసు తుపాకులవాళ్లు గురిచూసి కొట్టారని ఆ దేశపు వర్తకుడు నూనిజ్ రాశాడు. బయటి గోడ ఆదిల్‌షాహీలు కట్టించింది. అందుకే ఇదే కోటలో పారశీక శాసనాలూ కనిపిస్తాయి. ఆ తర్వాత నిజాం ఏలుబడి. 1956లో భాషా రాష్ట్రాలొచ్చినప్పుడు రాయచూరు కన్నడ రాష్ట్రానికి వెళ్లింది. అదే జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇవాళ అవి తెలంగాణలో ఉన్నాయి. గీత మారింది గానీ ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు, సంత బేరాలు మారలేదు.

సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లు ఈ రాయి విషయంలో రెండు రకాల పొరపాటు చేస్తుంటారు. కొందరు అసలు పట్టించుకోరు. ‘పాత గోడే కదా’ అని దాటిపోతారు. ఇంకొందరు భాషా గొడవ వచ్చినప్పుడు మాత్రం ‘కోట కట్టింది మావాళ్లే’ అని గుర్తు చేసుకుంటారు. రెండోది మొదటిదానికన్నా చెడ్డది. గెలిచినవాడల్లా తనదన్న కోట అది. చివరికి ఎవడిదీ కాలేదు, ఊరిదే అయింది.

నిజానికి ఆ అక్షరాలే ఈ తగువుకు జవాబు. 13వ శతాబ్దంలో తెలుగు లిపికీ కన్నడ లిపికీ పెద్ద తేడా లేదు. ఇవాళ కన్నడ బడిలో చదివిన తెలుగు పిల్లవాడు ఆ రాయి ముందు నిలబడినా, పక్కింటి కన్నడ పిల్లవాడు నిలబడినా, కాస్త నేర్పితే ఇద్దరూ సమానంగానే అక్షరాలు కూడబలుక్కుంటారు. ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఇందుకు కోట్ల రూపాయలు అక్కర్లేదు. శాసనం దగ్గర అందులో ఏముందో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటిలో చెప్పే పలక ఉండాలి. ఏడాదికోసారైనా ఊళ్లోని బడుల పిల్లలను తీసుకెళ్లి ఆ దున్నపోతుల బొమ్మ చూపించాలి. అధికారులు కదలకపోతే తెలుగు సంఘాలూ, కన్నడ సంఘాలూ కలిసి వెళ్లి అడగాలి. ఉగాదికి వేదికల మీద భాషాభిమానం గురించి చెప్పే మాటల్లో సగం ఈ పనికి మళ్లించినా చాలు. ఏడు వందల ఏళ్లకు పైగా ఎండకీ వానకీ నిలిచిన రాయి అది. జనం మరచిపోతే మాత్రం ఉత్త బండే.