పట్టమునకు సాక్షి యెవరు?

విశ్వవిద్యాలయ మొసంగు పట్టము వట్టి కాగితము కాదు. అది సంఘమున కిచ్చిన సాక్ష్యపత్రము. ఈ యువకునకు వైద్యము తెలియుననియు, ఈ యువతికి వంతెన కట్టుట తెలియుననియు విశ్వవిద్యాలయము ముద్రవైచి లోకమునకు జెప్పుచున్నది. రోగి తన వైద్యుని చదువును పరీక్షింపజాలడు. వంతెనపై బండి తోలుకొనిపోవు రైతు దాని లెక్కలు సరిచూడజాలడు. ఇరువురును ఆ ముద్రను నమ్మియే తమ ప్రాణముల నప్పగించుచున్నారు. కాబట్టి పరీక్షలో జరిగిన మోసము ప్రక్కబల్లపై గూర్చున్న విద్యార్థికి జరిగిన యన్యాయముతో నాగిపోదు. అది రేపటి రోగికిని, రేపటి బాటసారికిని చేసిన ద్రోహము. మన పరీక్షల స్థితిని ఈ దృష్టితో విచారింపవలెనని మేము తలంచుచున్నాము.

2024 సంవత్సరపు వేసవిని మన చదువరులు మఱచియుండరు. మే 5వ తేదీన వైద్యవిద్యా ప్రవేశమునకై జరిగిన నీట్ పరీక్షను 23 లక్షలకు పైబడిన విద్యార్థులు వ్రాసిరి. ఫలితములు వెలువడగా 67 మందికి 720కి 720 మార్కులు వచ్చియుండెను. కాలము నష్టమైనదన్న కారణముచేత 1,563 మందికి అదనపు మార్కులు కలిపినట్లు బయటపడెను. పిమ్మట వానిని రద్దుచేసిరి. పాట్నాలోను, హజారీబాగులోను ప్రశ్నపత్రము ముందుగా వెల్లడియైన మాట నిజమేయని జూలై 23న సుప్రీంకోర్టు చెప్పెను. కాని దేశమంతట పరీక్ష చెడినదనుటకు సాక్ష్యము చాలదని పునఃపరీక్షను నిరాకరించెను. ఆ జూన్ 18న, కళాశాలలలో అధ్యాపకులు కాగోరువారికై జరిగిన యూజీసీ నెట్ పరీక్షను 9 లక్షలకు మించినవారు వ్రాయగా, మఱునాడే అది రద్దయ్యెను. ఆ రద్దునకు దారితీసిన ప్రశ్నపత్రపు ఛాయాచిత్రము కల్పితమని తరువాత సీబీఐ దర్యాప్తులో తేలెను. నిజమైన దొంగతనము జరిగిన పరీక్ష నిలిచెను. అబద్ధపు చిత్రముచేత మఱియొక పరీక్ష కూలెను. జనుల విశ్వాసము చెడినదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

ఇది ఉత్తరదేశపు మాటయని మనము తప్పించుకొనరాదు. 2016 జూలైలో తెలంగాణమున వైద్యప్రవేశమునకై జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము వెల్లడియై, పరీక్ష రద్దయి, సెప్టెంబరులో పిల్లలు మరల వ్రాయవలసివచ్చెను. తెలిసి తప్పుచేసినవారు కొందఱు. ఏ తప్పు నెఱుగక నిద్రలేని రాత్రులు గడపినవారు వేలకొలది.

ప్రభుత్వము చట్టము చేసినది. పార్లమెంటు ఆమోదించిన చట్టము 2024 జూన్ 21న అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము అక్రమములకు 3 మొదలు 5 ఏండ్లవఱకు చెఱసాల. ముఠాకట్టి చేసినవారికి 10 ఏండ్లవఱకు చెఱసాలయు, కోటి రూపాయలకు తగ్గని జరిమానాయు విధింపవచ్చును. దొంగకు శిక్ష యుండవలసినదే. ఈ చట్టమును మేము ఆక్షేపింపము. కాని యది ప్రవేశపరీక్షలను, ఉద్యోగపరీక్షలను గూర్చినది. విశ్వవిద్యాలయములు ఏటేట జరుపు పట్టపరీక్షలు దాని పరిధిలో లేవు. అదియునుగాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పరీక్షలలోని యక్రమములను నివారించుటకు 1997లోనే చట్టమేర్పడినది. చట్టము వచ్చి పాతికేండ్లు దాటినను చీటీలు పోలేదు.

ప్రశ్నపత్రమును దొంగిలించుటకు ముఠా కావలెను. మన కళాశాలలలో నిత్యము జరుగు చిన్న మోసములకు ముఠాతో పనిలేదు, ఫిర్యాదుచేయువాడును లేడు. ప్రయోగశాల రికార్డును పై తరగతివాని రికార్డునుండి యెత్తివ్రాయుదురు. ప్రయోగము చేయకమునుపే ఫలితము సిద్ధముగా నుండును. అధ్యాపకుడు చూడకయే సంతకము చేయును. చివరి సంవత్సరమున విద్యార్థి స్వయముగా చేయవలసిన ప్రాజెక్టును హైదరాబాదు అమీర్‌పేటలో బోర్డుకట్టి యమ్ముదురు. గ్రంథమునకు బదులు గైడు, గైడునకు బదులు ముఖ్యప్రశ్నల పట్టిక. పది ప్రశ్నలకు జవాబులు కంఠస్థముచేసినవాడు నెగ్గును. వీనిలో నేదియు మోసమని విద్యార్థికి తోచుట లేదు. తోచకపోవుటయే యసలు ప్రమాదము. దొంగతనము దొంగతనమని యెఱిగినవాడు ఏనాటికైన సిగ్గుపడును. అది లోకరీతి యనుకొన్నవానికి సిగ్గెక్కడిది?

ఈ వ్యాధి మూలము పాతది. 1854 నాటి వుడ్ దొర లేఖ ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. వానికి ఒరవడి ఆనాటి లండను విశ్వవిద్యాలయము. అది పాఠము చెప్పునది కాదు, పరీక్షించి పట్టములిచ్చునది. పాఠము చెప్పువారొకరు, ప్రశ్నలు కూర్చువారొకరు, జవాబులు దిద్దువారింకొకరు. చదువు చెప్పిన గురువునకు శిష్యుని యోగ్యతను గూర్చి పలుకుటకు నోరులేదు. తీర్పుచెప్పువానికి ఆ శిష్యుని ముఖము తెలియదు. ఆ దొరతనము పోయినది; ఆ యేర్పాటు పోలేదు. నేటికిని మన విద్యార్థులలో నధికసంఖ్యాకులు అనుబంధ కళాశాలలలో చదివి, ఇతరులు కూర్చిన ప్రశ్నలకు జవాబులు వ్రాయుచున్నారు. పత్రమునకింతయని కూలి పుచ్చుకొని దిద్దువాని యెదుట ఆ జవాబులు కట్టలు కట్టలుగా పడుచున్నవి. అనుబంధపద్ధతిని 15 ఏండ్లలో క్రమముగా తొలగింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. చెప్పుట సులభము.

ఈ సంగతి మన పెద్దలు ఎఱుగనిది కాదు. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 మొదలు 1936 వఱకు వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండి, ఈ యంత్రమును లోపలినుండి చూచినవారు. వారి యధ్యక్షతను ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము 1949లో నివేదిక సమర్పించుచు, ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షల సంస్కరణమే కావలెనని తేల్చిచెప్పినది. మార్కులలో మూడవవంతును విద్యార్థి చదువుకాలమున చేసిన పనికి కేటాయింపవలెనని సలహా యిచ్చినది. ఆ సలహా యొకవిధముగా అమలుజరిగినది. దాని పేరే ఇంటర్నల్ మార్కులు. ఏమి జరిగినది? తమ కళాశాలకు పేరు రావలెనని యాజమాన్యము కోరెను. తలనొప్పి వలదని అధ్యాపకుడు తలంచెను. చదివినవానికిని చదువనివానికిని నిండుచేతులతో మార్కులు వడ్డించుట పరిపాటియయ్యెను. కిట్టనివానికి కోతపెట్టు కత్తియు నదే యయ్యెను. గురువునకు నమ్మకముతో నిచ్చిన యధికారమును గురువే చులకన చేసికొనెను. ఇది చెప్పుటకు మాకు బాధగా నున్నది. చెప్పక దాచుట మఱింత తప్పు.

మన దేశమున పూర్వము పరీక్ష యనగా సభ. అవధాని యెదుట పృచ్ఛకులు గూర్చుండి సమస్య నొకరు, దత్తపది నొకరు, నిషిద్ధాక్షరి నొకరు ఇచ్చుచుందురు. సభ యంతయు వినుచుండును. అక్కడ ప్రశ్నపత్రము వెల్లడి యగుట లేదు. ఒకనికి బదులు మఱియొకడు గూర్చుండుట లేదు. వచ్చినది వచ్చినట్లు, రానిది రానట్లు పదిమంది యెదుట తేలిపోవును. అయినను ఆ సభలను తలంచుకొని మురిసిపోవువారికి మేమొక మాట గుర్తుచేయవలసియున్నది. తలుపు దగ్గఱనే కులమడిగిన సభలు కూడ మన దేశమున నుండెను. సంఖ్య మాత్రమే వేసిన జవాబుపత్రమునకు కులము లేదు, తండ్రిపేరు లేదు, చిరిగిన చొక్కా లేదు. వాడనుండి వచ్చిన విద్యార్థికి ఈ దేశమున దొరకిన కొలది న్యాయములో ఆ సంఖ్య యొకటి. దానిని తీసివేయుమనువాడు ముందుగా ఆ విద్యార్థికి సమాధానము చెప్పవలెను.

ఇక క్రొత్త చిక్కు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ లోకమునకు వచ్చినది మొదలు, ఏ విషయముపై నైనను వ్యాసము నిమిషములో వ్రాసియిచ్చు యంత్రము ప్రతి విద్యార్థి చేతిలో నున్నది. యంత్రము వ్రాసినదానిని పట్టుకొనుటకై దానిని చేసిన సంస్థయే యొక సాధనమును బయటపెట్టి, అది నమ్మదగినట్లు పనిచేయలేదని 2023 జూలైలో ఉపసంహరించుకొనెను. పరిశోధనలలో పరుల రచన నెత్తివ్రాయుటను గూర్చి యూజీసీ 2018లో నియమములు చేసెను: పోలిక 10 శాతమువఱకు శిక్ష లేదు, 40 శాతమువఱకు నున్నచో ఆఱు నెలలలోపల సవరించి తేవలెను, 60 దాటినచో నమోదు రద్దు. నియమములు మంచివే. కాని శాతమును లెక్కించు యంత్రము మాటల దొంగతనమును పట్టును. భావముల దొంగతనమును పట్టజాలదు. మాటలు మార్చి శాతము తగ్గించినవాడు నిర్దోషిగా బయటికి వచ్చుచున్నాడు. దొంగకును కావలివానికిని నడుమ ఈ పరుగుపందెమునకు అంతమెక్కడ?

మా యభిప్రాయము స్పష్టము. యంత్రము వ్యాసము వ్రాయగలదు. కాని నీవేల యిట్లు వ్రాసితివని గురువు ముఖాముఖి ప్రశ్నించినప్పుడు విద్యార్థి తానే బదులు పలుకవలెను. కాబట్టి వ్రాతపరీక్ష సంఖ్యతోనే యుండవలెను. ఆ సంఖ్య యిచ్చిన రక్షణ పోగూడదు. అయితే ఆ పరీక్షలో అడుగవలసినది కంఠస్థపాఠము కాదు, తెలిసినదానిని తెలియనిచోట ప్రయోగించు శక్తి. ఇంటిపని, రికార్డు, ప్రాజెక్టు, పరిశోధనవ్యాసము - వీనికి మాత్రము మార్కులు వేయుటకు ముందు పది నిమిషముల మౌఖికపరీక్ష తప్పనిసరి కావలెను. అది తలుపులు మూసికొని జరుగరాదు. తోటి విద్యార్థుల యెదుట, తన గురువును, పరకళాశాలనుండి వచ్చిన గురువును గూర్చుండగా జరుగవలెను. పక్షపాతమునకు మందు పదిమంది కన్నులు.

రెండవది, దిద్దిన పత్రమును విద్యార్థికి చూపవలెను. సమాచారహక్కు చట్టముక్రింద తన జవాబుపత్రమును చూచుట విద్యార్థి హక్కని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పుచెప్పినది. దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, నెలలు వేచి పొందవలసిన హక్కుగా గాక, అది చదువులో నొక భాగముగా నుండవలెను. తాను చేసిన తప్పేదో తెలియనివానికి పరీక్ష పాఠము చెప్పదు. భయము మాత్రమే నేర్పును.

మూడవది, శుద్ధి గురువులతో నారంభము కావలెను. వ్యాసముల సంఖ్యనుబట్టి పదోన్నతి లెక్కించినన్నాళ్లు, డబ్బు పుచ్చుకొని యేదైనను అచ్చువేయు పత్రికలు వర్ధిల్లినవి. పీహెచ్.డీ. పట్టమునకు ముందుగా వ్యాసము ప్రకటింపవలెనను నిర్బంధమును యూజీసీ 2022లో తొలగించెను, అది మేలే. కాని నియమము తొలగినంత మాత్రమున అలవాటు తొలగదు. తన పేరుతో పరుల వ్రాత నచ్చువేయించుకొన్న యాచార్యుడు, చీటీ తెచ్చిన విద్యార్థిని ఏ ముఖముతో బయటికి పంపగలడు?

తల్లిదండ్రులతో నొక్కమాట. మీ పిల్లవానికి ఎన్ని మార్కులు వచ్చినవని ఇరుగుపొరుగువా రడుగుదురు. వానికేమి వచ్చినదని మీరైన అడుగుడు. పొలమమ్మి కట్టిన రుసుమునకు బదులుగా ఇంటికి వచ్చిన పట్టము బోలుదైనచో, మొట్టమొదట మోసపోయినవారు మీరే. పట్టమునకు సాక్షి పోలీసువాడు కాజాలడు, యంత్రము కాజాలదు. చదువు చెప్పిన గురువు, నిజము చెప్పు ధైర్యముతో, పదిమంది యెదుట సాక్షిగా నిలువవలెను. అట్టి గురువు నిలిచిన నాడు ఆ ముద్రకు మరల విలువ కలుగును.