అసలు రంగు

పిల్లలూ! 1948లో ఇంగ్లండులో లాండ్ రోవర్ అనే మోటారుబండి పుట్టింది. రోడ్డులేని చోట, పొలాల్లో, బురదలో కూడా పోగల బండి అది. యుద్ధం ముగిసిన కొత్త; ఉక్కుకు కరువు. అందుచేత పైరేకులు చాలావరకు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. మొదటి బండ్లకు వేసిన లేత ఆకుపచ్చ రంగు కూడా యుద్ధవిమానాల కోసం తయారై మిగిలిపోయినదేనట!

అలాటి బండి మీకు దొరికితే తళతళలాడే కొత్త రంగు కొట్టిస్తారు కాబోలు? తొందరపడకండి. గీకేసిన పాత రంగు మళ్ళీ రాదు.

ముందు సబ్బునీళ్ళతో మెల్లగా కడగాలి. ఎండకు రంగు పైపొర సుద్దలాగా పాలిపోయి వుంటుంది. మెత్తని గుడ్డతో కాస్త పాలిష్ పట్టించి రుద్దితే ఆ పొర పోయి, అసలు రంగు బయటపడుతుంది. ఎక్కువ రుద్దారో, రేకే బయటపడుతుంది!

పెచ్చులూడిన చోట మాత్రమే సన్నని కుంచెతో రంగు అద్దాలి. చిక్కంతా ఇక్కడే వున్నది. సీటు కింద ఎండ తగలని రంగు వేరు, బానెట్టు మీద వెలిసిన రంగు వేరు. అక్కడి రంగు ఇక్కడ అద్దితే బొట్టు పెట్టినట్టు కనిపిస్తుంది! పక్కనున్న వెలిసిన రంగుకు సరిపోయేలా కలుపుకోవాలి. చిన్న చిన్న గీతలుంటే ఉండనివ్వండి. పొలంలో పాటుపడిన బండి గదా!

అయితే అడుగుచట్రం ఉక్కుది. అక్కడ మాత్రం తుప్పు గీకి, కొత్త రంగు వేయక తప్పదు.