పూటకూళ్లవాడికి అప్పగించిన పని



డబ్బు పుచ్చుకునే చోట ఆదరణ ఆశించకూడదని మనలో చాలామంది అంటారు. మేము ఒప్పుకోము. లూకా సువార్త 10వ అధ్యాయంలో మంచి సమరయుడు గాయపడినవాణ్ని తీసుకెళ్లింది పూటకూళ్లవాని ఇంటికే. 2 దేనారములు ఇచ్చాడు. ఆ కాలంలో అది రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. లెక్క లెక్కే. అయినా ఆ డబ్బుతో అప్పగించింది ఒక మనిషిని చూసుకునే పని.

విశాఖలో 5 వారాలు ఉండి వచ్చాక ఆ పూటకూళ్లవాడు మాకు తరచూ గుర్తొస్తున్నాడు. మన సంఘంలోని పెద్దమ్మకు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు పెట్టించడానికి తోడు వెళ్లామని మీకు తెలుసు. వారానికి 5 రోజులు వెళ్లాలి. మిషన్ కింద 15 నిమిషాలైనా పట్టదు, మిగతా రోజంతా గదిలోనే. అందుకని లిఫ్టు, వెస్ట్రన్ బాత్రూం చూసుకుని, గాజువాక వైపు కంపెనీలవాళ్లు దిగే ఒక హోటల్లో దిగాము.

అది ఒక్క రాత్రి ఉండేవాళ్ల కోసం కట్టిన చోటు. స్టీల్‌ప్లాంటు పనిమీదో పోర్టు పనిమీదో వచ్చినవాళ్లు పొద్దున టిఫిన్ తిని వెళ్లిపోతారు. కిటికీ తెరుచుకోకపోయినా వాళ్లకు పట్టదు. మాకేమో ఏసీ వేస్తే పెద్దమ్మకు వణుకు, ఆపితే ఉక్క. వారం డబ్బు ముందే కట్టినా రోజూ మధ్యాహ్నం 12 గంటలకు తాళం కార్డు ఆగిపోయేది. నోరు పూసిన మనిషికి పలచగా చోడి అంబలి కావాలంటే మెనూలో లేదన్నారు. పిండి మేమిస్తాం, కాచి ఇవ్వండి అంటే బయటి సరుకు వంటగదిలోకి రానివ్వమన్నారు. ఇవన్నీ ఓర్చుకున్నాం. మూడో శనివారం పెళ్లివారు వస్తున్నారు, రెండు రోజులు ఖాళీ చేయండి అన్నప్పుడు మాత్రం మనసు విరిగింది. బతిమాలితే చిన్న గదిలోకి మార్చారు. అద్దె పాతదే!

అక్కడి పనివాళ్ల మీద మాకు కోపం లేదు. గదులు ఊడ్చే ఒకామె సంగతి విని, తన ఇంట్లో అంబలి కాచి స్టీలు గిన్నెలో తెచ్చేది. డబ్బిస్తే తీసుకుంది. తీసుకోవాలి కూడా, ఆమెకూ సంసారం ఉంది కదా.

శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుంచి రోగులు విశాఖకు వస్తూనే ఉంటారు. వారాల తరబడి ఉండేవాళ్లకు ఒక పొయ్యి, ఒక తెరుచుకునే కిటికీ ఇస్తే హోటల్ యజమానులకు నష్టం లేదు. వాళ్లు వింటారో లేదో. మీరు వింటారు గనుక అడుగుతున్నాం. ఉక్కు ఫ్యాక్టరీ పనికి వెళ్లి గాజువాకలో, కూర్మన్నపాలెంలో ఇళ్లు కట్టుకున్న మనవాళ్లు ఉన్నారు. ఉచితంగా వద్దు, న్యాయమైన అద్దె తీసుకోండి. వంట చేసుకోనివ్వండి, మధ్యలో ఖాళీ చేయమనకండి. వచ్చే నెల మన సంఘం నుంచి మరొకరు వెళ్తున్నారు. ఆయన మెట్లు ఎక్కలేరు, కింది గది ఉన్నవారు ముందుగా చెప్పండి.