సీసాలో తోట

పెరడులేని యద్దెయిండ్లలో కాపురముండు సోదరీమణులు సయితము గదిలో నొక చిన్నతోట పెంచుకొనవచ్చును. అందులకు వెడల్పుమూతిగల గాజుసీసా యొకటి చాలును.

సీసాను వేడినీట కడిగి యారబెట్టవలెను. అడుగున రెండంగుళముల గులకరాళ్లను, వానిపై పలుచగా బొగ్గుముక్కలను పఱచి, జల్లించిన మన్ను, ఇసుక, ఆకుల యెరువు కలిపి మూడంగుళములు నింపవలెను. వానకాలమున పాతగోడల యిటుకసందులలో మొలచు చిన్నఫెర్నులను, పచ్చని పాచిని తెచ్చి నాటి, నాలుగైదు చెంచాల నీరు చిలికి మూత బిగింపవలెను. వెలుతురు తగులవలెను గాని యెండ తగులరాదు. ఎండలో గాజు వేడెక్కి మొక్కలుడికిపోవును. తులసి, గులాబి మొదలగు నెండకోరు మొక్కలిందులకు తగవు.

మన్నునుండియు, నాకులనుండియు లేచిన యావిరి గాజుపై బిందువులై మరల మన్నునే చేరును. కావున దినదినము నీరు పోయరాదు. లండను వైద్యుడగు వార్డు 1829 ప్రాంతమున నొక రెక్కలపురుగు గూటిని తడిమన్నుగల సీసాలో నుంచి మూయగా, అందొక ఫెర్నును, గడ్డియు మొలచినవి. నీరు పోయకయే యవి దాదాపు నాలుగేండ్లు బ్రదికినవి. తుదకు మూత త్రుప్పుపట్టి వాననీరు లోనికి దిగుటచే నశించినవి!

గాజు మిక్కిలి మసకబారిన కొన్నిగంటలు మూత తీయుడు. బొత్తిగా చెమ్మ కానరానిచో రెండు చెంచాల నీరు పోయుడు. ఈ తోటను పిల్లలచేతనే వేయింపుడని మా సలహా. నీళ్లచెంబు మాత్రము వారికందనీయకుడు.