బంకు చీటీ మీద పన్ను కనబడాలి: బాగ్ లింగంపల్లి పెద్ద బండ్ల ఓనర్ల ప్రణాళిక

తెల్లవారుజామున నాలుగున్నరకు శ్రీశైలం పార్టీని ఎక్కించుకోవాల్సిన టెంపో ట్రావెలర్ ముందుగా ఆగేది బంకు దగ్గరే. డ్రైవర్ దిగి ట్యాంకు మూత తీస్తాడు. "జీరో చూసుకో అన్నా" అంటాడు బంకు కుర్రాడు. డీజిల్ పడ్డాక మిషన్‌లోంచి వేలెడంత చీటీ వస్తుంది. లీటర్లెన్ని, లీటరు ధరెంత, మొత్తమెంత. అంతే. చిక్కడపల్లిలో రెండిడ్లీ తిన్నా బిల్లు మీద సీజీఎస్టీ ఇంత, ఎస్‌జీఎస్టీ ఇంత అని విడివిడిగా కొట్టి ఇస్తారు. వేల రూపాయల డీజిల్ చీటీ మీద మాత్రం పన్ను అన్న మాటే ఉండదు.

బాగ్ లింగంపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ చుట్టుపక్కల ట్రావెలర్లు, మినీ బస్సులు, టూరిస్టు బస్సులు, షూటింగులకు క్యారవాన్లు తిప్పే ఓనర్ల ప్రణాళిక ఆ చీటీతోనే మొదలవుతుంది. వాళ్లలో చాలామంది తమ బండికి తామే డ్రైవర్లు. పన్ను ఎగ్గొట్టే దారి వాళ్లకు అక్కర్లేదు. ఎంత కడుతున్నారో, ఎవరికి కడుతున్నారో, ఏ రోడ్డు కోసం కడుతున్నారో తెలియాలి.

పెద్ద బండ్లు ఈ పేటకు కొత్త కాదు. కూతవేటు దూరంలో బస్ భవన్ ఉంది, ఆర్టీసీ పేరు మోసే క్రాస్ రోడ్స్ ఉంది. ఇక బండే ఇల్లుగా బతకడమంటే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది చైతన్య రథం. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించుకొని, హరికృష్ణ నడుపుతుంటే, అందులోనే ఉంటూ రాష్ట్రమంతా తిరిగారు. ఇవాళ క్యారవాన్ అంటే మంచం, ఏసీ, బాత్రూమ్, జనరేటర్ ఉన్న బండి. రోడ్డు మీద నడిచే సమయం కన్నా షూటింగ్ స్పాట్‌లో నిలబడే సమయమే ఎక్కువ.

లెక్క వివరంగా చెప్పుకోవాలి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం రెండు రూపాయలు పెంచాక డీజిల్ మీద ఎక్సైజ్ లీటరుకు 17 రూపాయల 80 పైసలైంది. అప్పుడు హైదరాబాద్‌లో లీటరు ధర సుమారు 95 రూపాయల 70 పైసలు. రాష్ట్ర వ్యాట్ 27 శాతం, అంటే లీటరుకు సుమారు 20 రూపాయలు. ఆ లెక్కన వంద లీటర్లు కొట్టిస్తే తొమ్మిదిన్నర వేలు దాటే బిల్లులో 1,780 రూపాయలు ఢిల్లీకి, దాదాపు 2,000 రూపాయలు రాష్ట్రానికి. ఈ రెండంకెలూ చీటీ మీద అచ్చు కావాలన్నది ప్రణాళికలో మొదటి మాట. బంకు మిషన్‌కు అది పెద్ద పనేమీ కాదు.

రెండో మాట పన్ను మీద పన్ను గురించి. వ్యాట్ కట్టేది డీజిల్ అసలు ధర మీద మాత్రమే కాదు, ఎక్సైజ్ కలిపిన ధర మీద. 17 రూపాయల 80 పైసల ఎక్సైజ్ మీద 27 శాతం వేస్తే 4 రూపాయల 80 పైసలు. డీజిల్ మీద కాదు, కేవలం కేంద్రం పన్ను మీద రాష్ట్రం తీసుకునే పన్ను అది. వ్యాట్‌ను ఎక్సైజ్ తీసేసిన ధర మీదే లెక్కకట్టాలని ఓనర్లు అడుగుతున్నారు. దీనికి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం చాలు.

రాష్ట్రం చెప్పే బాధ అబద్ధం కాదు. ఆ 17.80లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన బేసిక్ ఎక్సైజ్ 1 రూపాయి 80 పైసలే. మిగతా 16 రూపాయలు సెస్సులు, ప్రత్యేక సుంకాలు. అవి పంపకంలోకి రావు. అందుకే ఏ రాష్ట్రమూ వ్యాట్‌ను వదులుకోదు. తెలంగాణలో 2015 జనవరిలో 22.25 నుంచి 27 శాతానికి చేరిన రేటు ఆ తర్వాత మారలేదు. 2021 నవంబరులో కేంద్రం 10 రూపాయలు, 2022 మేలో 6 రూపాయలు తగ్గించినప్పుడు కూడా రేటు తగ్గలేదు. మేం పెంచలేదు కదా అన్నది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మాట. కానీ శాతంలో వేసే పన్ను ధరతో పాటే పెరుగుతుంది. రేటు కదలకపోయినా ఓనర్ జేబులోంచి పోయే రూపాయలు కదిలాయి.

డీజిల్‌ను జీఎస్టీలోకి తేవాలన్నది మూడోది, అన్నిటికన్నా పెద్దది. 2017 జులై 1 నుంచి దేశమంతా జీఎస్టీ వచ్చినా ముడిచమురు, పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనం, సహజవాయువు బయటే ఉన్నాయి. కౌన్సిల్ సిఫారసు చేసిన రోజు నుంచి తేవచ్చని రాజ్యాంగంలోనే రాసి ఉంది. టైర్లకు, స్పేర్ పార్టులకు కట్టిన జీఎస్టీని కిరాయి జీఎస్టీలో సర్దుకునే దారి ఎక్కువ రేటు ఎంచుకున్నవాళ్లకు ఉంది. డీజిల్ మీద కట్టిన వ్యాట్‌కు ఆ దారి లేదు. అన్నిటికన్నా పెద్ద ఖర్చు మీద కట్టిన పన్నే వెనక్కి రాదు. చివరికి అది కిరాయిలో కలిసి యాదగిరిగుట్ట మొక్కు తీర్చుకునే కుటుంబం నెత్తిన పడుతుంది.

బెంగళూరు దారి చూస్తే ఇంకో చిక్కు కనిపిస్తుంది. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద అలంపూర్ దాటాక తుంగభద్ర అవతల కర్నూలు, అనంతపురం, ఆపైన కొడికొండ దాటితే కర్ణాటక. 2025 ఏప్రిల్ తర్వాత ఆంధ్రలో డీజిల్ 97 రూపాయల చుట్టుపక్కల ఉంటే బెంగళూరులో 91 చుట్టుపక్కల ఉండేది. ఆంధ్రలో 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. తెలివైన డ్రైవరెవరైనా కర్ణాటకలోనే ట్యాంకు నింపుకుంటాడు. ఆంధ్ర రోడ్డు మీద రెండు వందల యాభై కిలోమీటర్లు నడిచిన బండి ఆ రోడ్డుకు డీజిల్ పన్ను పైసా కట్టదు.

అమెరికా, కెనడాల్లో దీనికో ఏర్పాటు ఉంది. సరుకు లారీలు, పెద్ద కిరాయి బస్సులు మూడు నెలలకోసారి ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు నడిచాయో లెక్క ఇస్తాయి. డీజిల్ ఎక్కడ కొన్నా పన్ను మాత్రం నడిచిన రాష్ట్రాలకు చేరుతుంది. సొంత విహారానికి వాడే మోటర్‌హోమ్‌లకు ఆ లెక్కల బాధ లేదు. డాలస్ నుంచి పిల్లలతో యెల్లోస్టోన్ వెళ్లే తెలుగు కుటుంబం బంకులో కట్టిన పన్నుతో సరిపెట్టుకుంటుంది. రోడ్డెక్కని యంత్రాలకు అమెరికాలో ఎర్ర రంగు కలిపిన డీజిల్ అమ్ముతారు, దాని మీద రోడ్డు పన్ను ఉండదు. దాన్ని బండి ట్యాంకులో పోసి దొరికితే కనీసం వెయ్యి డాలర్ల జరిమానా.

క్యారవాన్ ఓనర్ల మాట ఇక్కడే వస్తుంది. స్పాట్‌లో రోజంతా జనరేటర్ తాగే డీజిల్ ఒక్క అంగుళం రోడ్డును కూడా అరగదీయదు. అయినా లీటరుకు 2 రూపాయల రోడ్డు, మౌలిక వసతుల సెస్సు కడుతుంది. 1929లో పెట్రోలు మీద గ్యాలనుకు రెండణాలు అదనంగా వేసి రోడ్ల నిధి పెట్టినప్పుడు దాని ఉద్దేశం రోడ్డు వాడేవాడే రోడ్డుకు కట్టాలని. ఆ సూత్రం ప్రకారమే జనరేటర్‌కు గంటల మీటరు పెట్టి, ఆ డీజిల్ సెస్సు తిరిగి ఇవ్వాలి. అసాధ్యమనడానికి లేదు. ఆంధ్రప్రదేశ్ మరపడవల మత్స్యకారులకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చింది. ఎవరు ఎందుకు వాడుతున్నారో చూసి తేడా చేయడం ప్రభుత్వాలకు తెలిసిన పనే.

అడిగేవాళ్లు ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలి. పన్ను తక్కువని అరుణాచల్‌లోనో నాగాలాండ్‌లోనో రిజిస్ట్రేషన్ చేయించి హైదరాబాద్‌లో తిప్పే బండికి ఈ ప్రణాళికలో చోటు లేదు. 2017లో అరుణాచల్ నంబరు బస్సుల గొడవలో రోడ్డున పడ్డది ప్రయాణికులే. సరిహద్దు నుంచి డ్రమ్ముల్లో డీజిల్ తేవడం, కల్తీ నూనె పోయడం ఉండవు. మూడు నెలలకోసారి కట్టే బండి పన్ను గడువులోపే కట్టాలి. డీజిల్ పెరిగిందని డ్రైవర్ బత్తాలో కోత పెట్టరాదు. ఈ చివరి మాట మీద రాజీ లేదు. రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి భోజనంలోంచి పన్ను తీసిన ఓనర్‌కు ప్రభుత్వాన్ని అడిగే ముఖం ఉండదు.

చీటీ మీద పన్ను అచ్చయ్యేదాకా ఆ పని ఓనర్లే చేస్తారు. ప్రతి ట్రిప్ షీట్ కింద మూడు గీతలు గీసి మూడంకెలు రాస్తారు: ఈ ప్రయాణంలో డీజిల్ అసలు ధర, కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను. కిరాయి డబ్బులు తీసుకునేటప్పుడు ఆ కాగితం పార్టీ చేతికి ఇస్తారు.