గుండెపోటు అని వేసిన పోస్టరు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. మా చదువంతా తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవే. భాషలో తప్పులుంటే సర్దుకోండి. విషయాన్ని మాత్రం సర్దుకుని పోవద్దు.

ఈమధ్య మన వీధి చివర ఒక కన్నీటి అంజలి పోస్టరు కట్టాం. కింద మన సంఘం పేరు, పైన ఫోటో, మధ్యలో "గుండెపోటుతో స్వర్గస్థులైనారు" అని. ఆ మాట ప్రెస్సువాడికి రాసిచ్చింది మేమే. అది అబద్ధం. ఆ ఇంటమ్మ ఒప్పుకున్నాకే, పేరు లేకుండా, ఇది రాస్తున్నాం.

ఆయన పదేళ్ళుగా రోజూ తాగేవాడు. మొదట్లో స్నేహితులతో కటింగు, తర్వాత ఒంటరిగా క్వార్టరు, తర్వాత పొద్దున లేవగానే చేతులు వణక్కుండా ఉండటానికి ఇంకొంత. మనం ఏం చేశాం? కమిటీ పెద్దలం నలుగురం వెళ్ళి గట్టిగా తిట్టాం. పెళ్ళాం బిడ్డల ముఖం చూడరా అన్నాం. గుడికి తీసుకెళ్ళి కర్పూరం వెలిగించి, ఇక ముట్టనని ప్రమాణం చేయించాం. ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. మీలో చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, గుర్తుందా?

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అదే వచ్చిన చిక్కు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు, ఒళ్ళంతా చెమట, ఎవరు ఎవరో తెలియలేదు. ఆ తల్లి మాకు ఫోన్ చేస్తే "మానేసేటప్పుడు అట్లాగే ఉంటుంది, ఓర్చుకోమ్మా" అన్నాం. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది. అక్కడి డాక్టరు "ఎంత తాగేవాడు?" అని ముందు అడగలేదు. "ఎప్పుడు ఆపాడు?" అని అడిగాడు.

దాని సంగతి ఆ తర్వాత అడిగి తెలుసుకున్నాం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే మెదడు దానికి ఎదురుగా తనను తాను బిగించుకుని పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. తాడు లాగే ఆటలో ఒకవైపు వాళ్ళు ఠక్కున వదిలేస్తే రెండోవైపు వాళ్ళు వెల్లకిలా పడతారు కదా, అట్లా. వణుకు, చెమట మొదటి రోజే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పడం రావచ్చు, దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చూడకుండా వదిలేస్తే ప్రాణం పోతుంది. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని రోజులు మందులు, బి1 విటమిన్ ఇచ్చి దించితే దాటించగలిగినదే. అంటే రోజూ బాగా తాగేవాణ్ణి "ఈ క్షణం నుంచి ఆపు" అని ప్రమాణం చేయించడం ధర్మకార్యం కాదు. అపాయం.

ఇప్పుడు మన సంఘం వైద్యసహాయ నిధి నియమం చూడండి. మద్యపానం వల్ల, మతి చలించడం వల్ల కలిగే ఖర్చులకు సహాయం ఇవ్వబడదు. ఆ తల్లి అంతకుముందే ఒకసారి చికిత్సకు డబ్బు అడిగింది. ఈ నియమం చూపించి పంపించేశాం. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ నియమం తీసేయాలన్నదే మా పోరు.

"వాడు కావాలని తాగాడు, మనమెందుకు కట్టాలి?" అంటారు. చక్కెర వ్యాధి ఉన్న మన సభ్యుడొకరు ప్రతి పెళ్ళిలో మైసూరుపాకు కావాలనే తిన్నాడు. కాలు తీసేసినప్పుడు నిధి నుంచి ఇచ్చాం, ఎవరూ నోరెత్తలేదు. మొదటి గ్లాసు ఎత్తింది మనిషే, ఒప్పుకుంటాం. వందో క్వార్టరు దగ్గరికి వచ్చేసరికి ఎత్తేది ఎవరన్నది వేరే ప్రశ్న. మన రాష్ట్రంలో 2016 నుంచి టాస్మాక్ కడ మధ్యాహ్నం పన్నెండుకు గాని తెరవరు. పదకొండున్నరకే షట్టరు ముందు నిలబడి, చేతులు జేబుల్లో దాచుకునే వాళ్ళను ఒకసారి చూడండి. సుఖం కోసం వచ్చిన ముఖాలేనా అవి?

మేము రైల్వేలో ఏళ్ళ తరబడి లీవు రిజిస్టర్లు రాసిన వాళ్ళం. జీతం మర్నాడు ఆబ్సెంటు, సోమవారం ఆబ్సెంటు, ఎల్.ఏ.పి. అయిపోయాక ఎల్.హెచ్.ఏ.పి., అదీ అయిపోయాక జీతం లేని సెలవు. ఒక్కొక్క పేరు ముందు ఆ వరస ఎట్లా పెరుగుతుందో మాకు కంఠతా వచ్చు. మేము దానికి "క్రమశిక్షణ లేదు" అని పేరు పెట్టి చార్జిషీటు టైపు చేసేవాళ్ళం. డాక్టరు చేసే నిర్ధారణ కూడా ఒకరకంగా రిజిస్టరే. అమెరికా మానసిక వైద్యులు 2013లో ముద్రించిన డి.ఎస్.ఎం.-5 అనే పుస్తకంలో పదకొండు లక్షణాలు ఇచ్చారు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, తగ్గించాలని చూసి ఓడిపోవడం, తాగాలనే తపన, పని చెడటం, అదే మత్తుకు మోతాదు పెరగడం, ఆపితే వణుకు, ఇట్లాంటివి. పన్నెండు నెలల్లో రెండు ఉంటే జబ్బు మొదలైనట్టు, ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే తీవ్రం. ఇందులో "మంచివాడా చెడ్డవాడా" అనే గడి లేదు. మా రిజిస్టరులో ఉండేది అదొక్కటే.

మాటల సంగతి కూడా చెప్పాలి. తమిళంలో ఈ చికిత్స చేసేవాళ్ళు "కుడికారన్" అనడం మాని "కుడినోయాళి" అంటున్నారు, అంటే తాగుడు రోగి. తెలుగులో మనకు తాగుబోతు ఉంది. పేపరు భాషలో వ్యసనపరుడు ఉంది. వ్యసనం అనగానే సప్తవ్యసనాలు, జూదం, వేట వరసగా గుర్తొస్తాయి, తీర్పు ముందే అయిపోతుంది. భాష గొప్పదని ప్రతి ఉగాదికీ ఉపన్యాసాలిస్తాం. ఒక రోగికి రోగి అనే పేరు ఇవ్వలేకపోయాం.

మతి విషయంలో ఇంకా ఘోరం. మేము అయనావరంలో పెరిగాం. కీల్పాక్ మానసిక ఆసుపత్రి గోడ పక్కనుంచే బడికి నడిచేవాళ్ళం. "కీల్పాక్ కేసు" అని తిట్టుకునేవాళ్ళం, ఇప్పుడూ మన పిల్లలు తిట్టుకుంటున్నారు. ఆ సంస్థ 1794లో పుట్టింది, 1871 నుంచి ఆ తోటలోనే ఉంది. 1961లో డాక్టర్ శారదా మీనన్ దానికి అధిపతి అయ్యారు. మన దేశంలో మొదటి మహిళా మానసిక వైద్యురాలు ఆమే. పదవీ విరమణ తర్వాత కూడా ఊరుకోకుండా 1984లో స్కార్ఫ్ సంస్థ పెట్టారు. ఇంత చరిత్ర మన పక్కనే ఉంటే, మనం నేర్చుకున్నది ఒక తిట్టు.

ఇంకొకటి చూడండి. టి.టి.కె. కుటుంబం అంటే చెన్నైలో తెలియనివాళ్ళు ఉండరు. ఆ ఇంటి కోడలు శాంతి రంగనాథన్ తన భర్తను తాగుడు వల్లే పోగొట్టుకున్నారు. ఆమె దాచలేదు. 1980లో ఆయన పేరు మీదే టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ మొదలుపెట్టి, తాగుడు రోగులకు చికిత్స చేసే ఆసుపత్రి నడిపారు. అంత పెద్ద ఇంటివాళ్ళు పేరు బోర్డు మీద పెట్టగలిగారు. మనం పోస్టరులో గుండెపోటు అని వేస్తాం. ఎందుకంటే ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయట. తండ్రి పోయినా ఫరవాలేదు, సంబంధం చెడకూడదు!

"మేమూ కౌన్సెలింగ్ చేశాం కదా" అని ఒక కమిటీ సభ్యుడు అన్నారు. అయ్యా, అది పంచాయితీ. మానసిక వైద్యుడు మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు ఇవ్వరు, పరీక్షలు, మాటల చికిత్స ఆయన పని. తాగుడు విషయంలో శిక్షణ పొందిన కౌన్సెలరు నెలల తరబడి కూర్చుంటాడు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఏ దారిలో నడిస్తే కాళ్ళు అటు లాగుతాయి, నిద్ర పట్టకపోతే ఏం చేస్తావు అని అడుగుతాడు. విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983లోనే రాశాడు, తప్పు ఒప్పుకోమని నిలదీస్తే రోగి తన తాగుడును సమర్థించుకుంటాడని. అతని నోటనే మానాలన్న మాట రప్పించాలి. మేము నలుగురం ఆ రోజు గంటసేపు మాట్లాడాం. ఆయన పలికింది రెండే మాటలు, "సరే అన్నా".

మళ్ళీ తాగితే? చాలామంది మళ్ళీ తాగుతారు. బీపీ మాత్ర మానేసి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డవాణ్ణి మనం గుమ్మంలో నిలబెట్టి నిలదీస్తామా? ఇంకో మాట, తాగేవాళ్ళలో కొందరికి లోపల వేరే జబ్బు ఉంటుంది, దిగులు జబ్బు, భయం జబ్బు. నిద్ర కోసం తాగుతాడు, తాగుడు దిగులును ఇంకా పెంచుతుంది. దేనికి చికిత్స ముందో తేల్చాల్సింది డాక్టరు, కోశాధికారి కాదు.

"కడలు మూయించండి, అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ళకు మేము వ్యతిరేకం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు ఇక్కడ మేము కూడా చప్పట్లు కొట్టాం. 1995లో ఆంధ్రలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. కడ మూస్తే కొత్తవాడు మొదలుపెట్టడం తగ్గవచ్చు. ఇప్పటికే రోగి అయినవాడి మాటేమిటి? 2020 లాక్‌డౌన్‌లో కడలు మూసిన కొన్ని రోజులకే హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి వణుకుతూ, మతి తప్పి ఎందరు వచ్చారో టీవీలో చూశాం కదా.

చట్టం కూడా మన నియమం పక్షాన లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక రోగం కిందే చేర్చింది. ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. మనది కంపెనీ కాదు నిజమే. కంపెనీ కంటే హీనంగా ఉండాలా? అదే చట్టం రోగిని గొలుసుతో కట్టడం నిషేధించింది. 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కి 28 మంది చనిపోయిన రాష్ట్రం ఇది. కాబట్టి "వ్యాను పంపి ఎత్తుకెళ్ళే సెంటరు ఉంది" అని గ్రూపులో నంబర్లు పెట్టేవాళ్ళు ఆపండి.

డబ్బు తాగుడుకే పోతుందని భయమా? చేతికి ఇవ్వకండి. ఆసుపత్రి బిల్లు చూసి ఆసుపత్రికే కట్టండి. కీల్పాక్‌లో ప్రభుత్వ చికిత్స ఉంది, నిధికి భారం పడేది కొద్దిమందికే. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు రుసుము లేదు. ఇంట్లోవాళ్ళు దిక్కుతోచకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు, టెలీ మానస్ అంటారు, డబ్బు అక్కర్లేదు. ఈ నంబరు మన క్యాలెండరు మీద, వాస్తు సలహాలు వేసే చోట, వేయించమని ప్రెస్సువాడితో మాట్లాడాం.

నియమ సవరణకు ఇరవై ఐదు సంతకాలు కావాలి. ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి. మొదటిది ఆ ఇంటమ్మది, రెండోది మాది. ప్రమాణం చేయించిన మిగతా ముగ్గురిలో ఒకరు పెట్టారు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. కాగితం మా ఇంట్లో ఉంది. ఆదివారం హాలుకు కూడా తెస్తాం, పది గంటలకు ముందే రండి. పన్నెండుకల్లా హాలు ఖాళీ చేయాలి.