ప్రజాభిప్రాయ సేకరణ: 30 దినములలో చేయవలసిన పని

గనియో, కర్మాగారమో తమ యూరికి వచ్చుచున్నదని జనులకు తెలియుట యెట్లు? పత్రికలో నొక మూల నచ్చుపడిన ప్రకటనవలన. పిమ్మట నొకనాడు షామియానా వేయుదురు. కొందరు కేకలు వేయుదురు. కొందరు ఉద్యోగము లిత్తురా యని యడుగుదురు. మధ్యాహ్నమునకు సభ ముగియును. ప్రజాభిప్రాయము సేకరింపబడినదని కాగితమున కెక్కును. ఏమి సేకరింపబడినట్లు?

ఈ సభలకు మూలమైన 2006 సెప్టెంబరు 14వ తేది పర్యావరణ ప్రకటనను మనలో నెందరు చదివిరి? సభకు ముందు 30 దినములకు తక్కువ కాని గడువీయవలెను. ముసాయిదా నివేదికను కలెక్టరు కచ్చేరీలోను, జిల్లా పరిషత్తులోను ప్రజలు చూచుటకుంచవలెను. ఇవి మేలే. కాని సభ కింతమంది రావలెనను నియమము లేదు. ఎవ్వరును రాకున్నను సభ జరిగినట్లే! అల్లరిచే సభ సాగదని యధికారులు నివేదించినచో, సభయే యక్కరలేదని పైవారు నిర్ణయింపవచ్చును. బహిష్కారమే యాయుధమనుకొను మిత్రు లీ రెండు వాక్యములను తప్పక చదువవలెను.

ఇక భాష మాట. నివేదిక వందల పుటల యాంగ్లము. తెలుగున నీయవలసినది సంగ్రహము మాత్రమే. నీరెంత తోడుదురో, బూడిద నెచ్చట పోయుదురో తెలిసికొన దలచిన రైతు ఆంగ్లము నేర్చి రావలెనా? 2020లో నీ గడువును 20 దినములకు తగ్గింపజూచిన ముసాయిదాను ప్రభుత్వము హిందీ, ఆంగ్లములలోనే ప్రకటించెను. రాజ్యాంగపు అష్టమ షెడ్యూలు భాషలలోనికి దానిని అనువదింపుడని ఆ యేటి జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞాపింపవలసి వచ్చెను. ప్రజల నభిప్రాయ మడుగువారికి ప్రజల భాష యొకటి కలదని న్యాయస్థానము గుర్తుచేయవలసెను! నివేదిక యంతయు తెలుగున రావలెను. అంతకు తక్కువ దేనికిని మన మొప్పుకొనరాదు.

అది వచ్చువరకు పఠనమందిరముల వారు చేతులు ముడుచుకొని కూర్చుందురా? ఒడిశాలోని నియమగిరిపై 2013లో 12 గ్రామసభలు బాక్సైటు తవ్వకమును ఏకగ్రీవముగ నిరాకరించెను. అచ్చట అటవీ హక్కుల చట్టము, సుప్రీంకోర్టు తీర్పు వారికి బలమయ్యెను. మన సభలో చెప్పునది యభిప్రాయము మాత్రమే. ఆధారము లేనియెడల దాని నెవ్వరు లెక్కింతురు?

కావున ప్రకటన వెలువడిన వారముననే నివేదికను సంపాదించి, ఆంగ్లము వచ్చినవారు సాయంకాలమున పుటపుటయు తెలుగున చెప్పవలెను. బెస్తలను, గొల్లలను, బావులు త్రవ్వువారిని పిలిచి కూర్చుండబెట్టవలెను. ఏ వాగు పటమున లేదో, ఏ బీడు నిజముగ పశువుల మేతభూమియో వారే చెప్పగలరు. ఆ మాటలను విన్నపముగ వ్రాసి, కాలుష్య నియంత్రణ మండలికిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. చెఱువు పల్లెదే గదా యని పట్టణవాసి యూరకుండరాదు. ఆ చెఱువు నీరే వాని కొళాయికి వచ్చుచుండవచ్చును.

సభనాడు చర్చాసారమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెనని నియమము. భోజనవేళ యైనదని యెవ్వరును లేచిపోరాదు. తమ ప్రశ్న యందు లేనిచో నప్పుడే నిలిచి చెప్పవలెను. సంతకము లానాడే పడును.